ఎవరి దొరువు వాళ్లు రుచి చూడకూడదు

పోయిన నెల మా ఊళ్లో షామియానా కింద జరిగిన సభలో నా చేతికి ఒక నీళ్ల సీసా ఇచ్చారు. మూత తీసి, ఒక్క చుక్క నాలుక చివర వేసుకుని, పెదాలు మూసుకుని కాసేపు ఆగాను. పక్కన కూర్చున్న హారిక, అంటే మా బాబాయి మనవరాలు, కంగారుపడి "ఏంటత్తా, నీళ్లు బాగాలేవా?" అంది. బాగానే ఉన్నాయమ్మా అన్నాను. ఫ్యాక్టరీలో నింపిన నీళ్లు, వాటిలో వెతకడానికేముంటుంది? కానీ ఇన్నేళ్లయినా, గుంటూరులో మా వంటింట్లో ఫిల్టరు నీళ్లయినా సరే, మొదటి చుక్కని అలా నాలుక మీద ఆపి చూడందే నాకు గుటక దిగదు. పెళ్లైన కొత్తలో మా ఆయన "మా ఇంట్లో విషం పెడతారనా?" అని ఆటపట్టించేవారు. తర్వాత ఆయనకీ అలవాటైపోయింది. చూసేవాళ్లకి అది అలవాటులాగే కనిపిస్తుంది గానీ, నిజానికి అది భయం. ఆ భయం నాకు ఎక్కడ పట్టుకుందో చెప్పాలంటే మా నానమ్మ దగ్గరికి వెళ్లాలి.

సభ ఎందుకంటే, సముద్రం ఒడ్డున ఎక్కడ ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో తేల్చే ప్లానేదో తయారవుతోందట. ఊరివాళ్ల అభిప్రాయం అడగడానికి అధికారులు వస్తున్నారని బాబాయి కొడుకు శ్రీను ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు నాలుగు రాసినదానివి, నాలుగూళ్లు తిరిగినదానివి. వచ్చి కూర్చుంటే మాకు ధైర్యంగా ఉంటది" అన్నాడు. నాకు ధైర్యం ఎక్కడిది? వేదిక మీద కట్టిన మ్యాపు చూడగానే నా గుండె జారింది. అందులో సముద్రం ఉంది, రోడ్డు ఉంది, రొయ్యల చెరువులు ఉన్నాయి. మా దొరువులు లేవు.

గుంటూరు జిల్లా అనగానే అందరికీ నల్లరేగడి, మిరప, పత్తి గుర్తొస్తాయి. ఆ రోజుల్లో మా ఊరూ ఆ జిల్లాలోదే గానీ మాది ఒట్టి ఇసుక. బాపట్ల దాటి సముద్రం వైపు వెళితే, ఊరికీ కెరటాలకీ మధ్య పెద్ద ఇసుక దిబ్బ, దాని మీద తాడిచెట్లు, ముళ్లగడ్డి, సరుగుడు మొక్కలు. వంటింట్లో కూర్చుంటే సముద్రపు హోరు వినిపించేది. అంత ఉప్పు పక్కన ఉండి కూడా మాకు తియ్యటి నీళ్లు దొరికేవి. ఇసుకలో మనిషి లోతు గొయ్యి తవ్వితే చాలు, అడుగున నీళ్లు ఊరేవి. దాన్నే దొరువు అంటాం. దిబ్బల్లో ఇంకిన వాననీరు, కింద ఉన్న ఉప్పునీటి మీద మీగడలాగా తేలుతూ ఉంటుంది. ఆ మీగడ వరకే మనది. లోతుకు తవ్వినా, ఆశపడి ఒక్కసారిగా తోడినా కింద ఉన్న ఉప్పు పైకి లేస్తుంది. లేచిన ఉప్పు మళ్లీ ఎప్పుడు దిగుతుందో చెప్పగలిగినవాళ్లు మా ఊళ్లో ఎవరూ లేరు.

ఆ నీళ్లతో మేం మిరపనారు పెంచేవాళ్లం. తెల్లటి ఇసుకలో మళ్లు కట్టి, విత్తనం చల్లి, పైన గడ్డి పరిచి, చిల్లుల కుండలతో రోజుకు రెండు పూటలా జల్లు పోసేవాళ్లం. మా ఇసుకలో పెరిగిన మొక్క వేరు తెగకుండా ఊడొస్తుందని నల్లరేగడి రైతులకు గురి. అదను రాగానే పెదకాకాని వైపు నుంచి, ఇంకా లోపలి ఊళ్ల నుంచి వచ్చి నారు కట్టలు తడిగోనెల్లో చుట్టించుకుని బస్సుల మీద వేసుకుపోయేవాళ్లు. గుంటూరు యార్డులో మనిషిని తుమ్మించే ఆ ఘాటు ముందుగా మా దొరువు నీళ్లు తాగి పెరిగిందేనని నాన్న నవ్వుతూ అంటుండేవాడు. నాన్న నవ్వడం ఆ ఒక్క మాటకే చూసేదాన్ని. మిగిలిన కాలమంతా ఆయన ఆకాశం వైపో, దొరువు వైపో చూస్తుండేవాడు.

మా ఇంట్లో తెల్లారడమంటే కళ్లాపి వాసన, పొయ్యి రాజేసిన తాటాకు పొగ, దిబ్బ అవతల నుంచి గాలి మోసుకొచ్చే ఎండుచేపల వాసన. వాటన్నిటికన్నా ముందు నానమ్మ లేచేది. ఆమె పేరు ఆదెమ్మ. లేచాక ఎవరితోనూ మాట్లాడేది కాదు. వేపపుల్ల నోట్లో పెట్టేది కాదు, కాఫీ సంగతి సరేసరి. చూరులో దోపిన కొబ్బరిచిప్ప తీసుకుని దొరువు మెట్లు దిగేది. ఇత్తడి చెంబైతే లోహం రుచి నీటికి అంటుతుందని ఆమె పట్టుదల. అరచేత్తో నీటి మీద ఆకూ అలమూ పక్కకు నెట్టి, చిప్పతో ముంచి, నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకునేది. మేమంతా గట్టు మీద ఖాళీ కుండలతో నిలబడేవాళ్లం. ఆ కాసేపూ ఎవరూ మాట్లాడకూడదని ఎవరూ చెప్పలేదు, అయినా ఎవరం మాట్లాడేవాళ్లం కాదు. చివరికి "తియ్యగానే ఉన్నాయి, దిగండి" అనేది. అప్పటిదాకా నాన్న ఊపిరి బిగబట్టుకుని ఉండేవాడని, ఆ మాట వినగానే ఆయన భుజాలు కిందికి జారడం చూసి నాకు తెలిసేది.

ఇదంతా ఉప్పెన తర్వాత మొదలైందట. ఆ ఏడాది సముద్రం దిబ్బ దాటి వచ్చి పోయింది. నీళ్లు తీశాక జనం ఏడ్చుకుంటూనే బతుకు మళ్లీ మొదలుపెట్టారు. దొరువుల్లో చెత్త తీసి, నారు పోసి, అవే నీళ్లు చల్లారు. మొలకలన్నీ మాడిపోయాయి. పై నీళ్లు పోయినా ఉప్పు లోపల ఉండిపోయిందని ఎవరికీ తట్టలేదు. అప్పటినుంచి నానమ్మ రుచి చూడకుండా ఒక్క కుండ కూడా నీళ్లలో మునగనివ్వలేదు. క్రమంగా చుట్టుపక్కల వాళ్లకీ అది ఆచారమైపోయింది. "పెద్దమ్మా, మాదీ ఒకసారి చూసిపో" అని పిలుచుకెళ్లేవాళ్లు. నానమ్మ ఆ ఇళ్ల మధ్య నుంచి కొబ్బరిచిప్ప పట్టుకుని నడుస్తుంటే తల కాస్త పైకెత్తే ఉండేది. ఆ గీర ఆమెకు అందంగా ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

నేను రోజూ బాపట్ల వెళ్లి చదువుకుంటున్న ఒక ఏడాది వానలు ముఖం చాటేశాయి. ఆ వేసవిలో నానమ్మకు పెద్ద జ్వరం వచ్చి, గంజి మీద బతికి, జుట్టంతా రాలి, ఎలాగో లేచి కూర్చుంది. బతికి బట్టకట్టిందని మేం సంబరపడుతుండగానే విత్తనం పోసే రోజులొచ్చాయి. దొరువులో నీళ్లు అడుగుకు పోయాయి. కుండ మునగక చిప్పతో తోడి పోసుకోవాల్సి వచ్చేది. మెట్లు ఎక్కీ దిగీ అమ్మ కాళ్లు సాయంత్రానికి వాచిపోయేవి. అది చూడలేకే బాబాయి ఇంజను మాట ఎత్తాడు. నాన్న తమ్ముడు కోటేశ్వరరావు, మా కోటి బాబాయి, చెడ్డవాడు కాదు. వదిన కాళ్లకి కొబ్బరినూనె కాచి తెచ్చిచ్చేంత మెత్తనివాడు. "నల్లరేగడోళ్లు ఇంజన్లు పెట్టి చేలు తడుపుకుంటన్నారు. మనం ఇంకా కుండలు మోస్తా కూర్చుందామా అన్నయ్యా? దొరువు ఒక మూర లోతు చేసి ఇంజను పెడితే వారంలో నారు నిలబడతది" అన్నాడు. నాన్న నానమ్మ వైపు చూశాడు. నానమ్మ "పెట్టండి. రోజూ నేను చూస్తా. ఉప్పు తగిలిందంటే ఆ పూటే ఆపెయ్యాల. ఒప్పుకుంటావా?" అంది. బాబాయి తల్లి చేతిలో చెయ్యేసి ఒప్పుకున్నాడు.

అలా మా దొరువులోకి ఇంజను దిగింది. తడి ఇసుక వాసన పోయి డీజిలు వాసన వచ్చింది. సముద్రపు హోరు కూడా ఆ దడదడలో వినపడకుండా పోయింది. నీళ్లు గొట్టంలోంచి దూకుతుంటే అమ్మ గట్టు మీద కూర్చుని చూసి, ఎన్నో ఏళ్ల తర్వాత పగటిపూట జడ వేసుకుంది. నానమ్మ రోజూ పొద్దున్నే మెట్లు దిగి "తియ్యగానే ఉన్నాయి" అనేది. ఆదెమ్మ గారు చూస్తున్నారుగా అన్న ధీమాతో ఇరుగుపొరుగు కూడా తమ దొరువులు లోతు చేయించుకున్నారు. ఒకరిద్దరు మా ఇంజనునే అడిగి పట్టుకుపోయారు. ఊరు ఊరంతా ఒక ముసలావిడ నాలుక మీద ఆధారపడి ఉందని అప్పుడు ఎవరికీ అనిపించలేదు.

ఒక మధ్యాహ్నం నానమ్మ పప్పుచారు కాచింది. మొదటి ముద్ద నోట్లో పెట్టగానే నాన్న ఆగిపోయి, గ్లాసు ఎత్తి నీళ్లు తాగాడు. బాబాయి "ఏందమ్మా ఇది, సముద్రం..." అని మొదలుపెట్టి, నాన్న చూపు చూసి మాట మింగేశాడు. నానమ్మ తన కంచంలో కలుపుకుని, చప్పరించి, "ఏందో, ఈ మధ్య ఉప్పులో పసే ఉంటంలా" అంటూ గిన్నెలోంచి ఇంకాస్త ఉప్పు తీసి చల్లుకుంది. నాకు నవ్వొచ్చింది. అమ్మ వైపు తిరిగాను, ఆమె కూడా నవ్వుతుందేమోనని. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె ముఖంలో రక్తం లేదు. అది చూశాక నాకు అర్థమైంది.

పెరట్లో గిన్నెలు తోముతూ "అమ్మా, మరి నీళ్లు?" అన్నాను. అమ్మ మసి చేత్తోనే నా నోరు మూసింది. "గట్టిగా అనకు. అత్తయ్య వింటే ప్రాణం తీసుకుంటారు." ఆ రోజుల్లో కోడలు వెళ్లి అత్తగారి నాలుక పోయిందని చెప్పడమంటే మాటలు కాదు. వంటింటి పెత్తనం లాక్కోవడానికే ఎత్తు వేసిందంటారు. పైగా జ్వరంలో ఆమె ఒంట్లోంచి పోయినవన్నీ పోగా మిగిలిన గౌరవం అదొక్కటే. నాన్నకు చెప్పాలా వద్దా అని అమ్మ నలిగిపోయింది. నేను ఎవరూ చూడకుండా దొరువు దిగి రుచి చూశాను. ఉప్పగా ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. మూతి మీద పట్టిన చెమట రుచేమో కూడా తెలియలేదు. అమ్మ చూసింది, ఆమెకూ తేలలేదు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ వస్తుంది. పొద్దున్నే ఇంజను మొదలవగానే, అది తోడుతున్నది నీళ్లనా, మా బతుకునా అన్నంత భయమేసేది. బళ్లో పాఠం బుర్రకెక్కేది కాదు. ఇంటికి రాగానే సంచి పడేసి నారుమడి దగ్గరికి పరిగెత్తి, ఆకుల అంచులు మాడాయేమోనని వంగి చూసేదాన్ని.

అంచులు మాడడం కంటే ముందు కందిపప్పు ఉడకడం మానేసింది. ఎంత మంట పెట్టినా పలుకు పలుకులాగే ఉండేది. అమ్మ పుల్లల్ని తిట్టింది, పప్పును తిట్టింది. అంతలో పక్కింటి అంకమ్మత్త గిన్నె పట్టుకుని వచ్చింది. "వదినా, మీ ఇంట్లో పప్పు ఉడుకుతుందా?" అని గిన్నె ముందు పెట్టింది. అందులోనూ రాళ్లలాంటి బద్దలే. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉప్పునీళ్లలో పప్పు ఉడకదని ఆడవాళ్లెవరికీ చెప్పక్కర్లేదు.

మర్నాడు పొద్దున మా గట్టు మీద మామూలు కంటే ఎక్కువమంది ఉన్నారు. నానమ్మ మెట్లు దిగి, చిప్ప ముంచి, కళ్లు మూసుకుని, "తియ్యగానే..." అని ఆగింది. అంకమ్మత్త పైనుంచి, "పెద్దమ్మా, మా పప్పు ఉడకటంలా. మరి తియ్యగా ఎట్టా ఉంటయ్యి?" అంది. బాబాయికి కోపం వచ్చింది. "మా అమ్మ చూసి చెప్పిందిగా! మా అమ్మ నాలుకని కూడా అనుమానిస్తారా?" అని గదమాయించాడు. నానమ్మ పైకి చూసింది. ముందు బాబాయిని, తర్వాత అమ్మని. అమ్మ తల దించుకుంది. కళ్లనీళ్లు టపటపా రాలుతున్నాయి. అంతే, నానమ్మకు తెలిసిపోయింది, మాకు తెలుసని.

ఆమె నెమ్మదిగా మెట్లెక్కి వచ్చి, ఆ చిప్పని అంకమ్మత్త చేతిలో పెట్టింది. "నువ్వు చూడవే. నాకు జ్వరం వచ్చిన కాడ్నుంచి ఏ రుచీ తెలవటంలా."

బాబాయి, "మరి రోజూ తియ్యగా ఉన్నయ్యని ఎందుకన్నావమ్మా?" అన్నాడు.

"ఉండాలని అన్నాన్రా" అంది నానమ్మ. "పొద్దున్నే మీరందరూ నా నోరు వంక చూస్తా నిలబడతారు. తెలవటంలేదని ఎట్టా చెప్పేది?"

అంకమ్మత్త చూసి ఉప్పన్నది. బాబాయి చూసి లేదన్నాడు. నాన్న చూసి కొంచెం అన్నాడు. ఎవరి దొరువుకు వాళ్లు వెళ్లి చూసుకుని మాది తియ్యన అని తిరిగొచ్చారు. పక్కవాడిది చూసి ఉప్పని తేల్చారు. వాదన పెరిగి, ఏరా అంటే ఏరా అనుకునేదాకా వెళ్లింది. గట్టు మీద కూలబడి అంతా వింటున్న నానమ్మ, "ఎవరి నీళ్లు వాళ్లు చూడబాకండి. సొంత నీళ్లు ఎప్పుడూ తియ్యగానే ఉంటయ్యి" అంది. కోపంగా ఏం అనలేదు. తన సంగతే చెప్పుకుంటున్నట్టు అంది. అందరూ వాదన ఆపేశారు. ఆ మాట అనే హక్కు ఆమెకే ఉందని అనిపించింది కాబోలు.

బాబాయి లేచి వెళ్లి ఇంజను గొట్టం పైకి లాగేశాడు. తర్వాత చాలా రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. లోతు చేసిన ఆ మూరనీ తనే తట్టతో ఇసుక మోసి పూడ్చాడు. ఊరివాళ్లు కూర్చుని, దొరువుల్లో ఇంజను పెట్టకూడదనీ, పాత లోతు దాటి తవ్వకూడదనీ, దిబ్బ మీద గడ్డి పీకకూడదనీ మాట అనుకున్నారు. పరగడుపున ఒక ఇంటివాళ్లు ఇంకో ఇంటి దొరువు చూసి చెప్పాలన్నది మాత్రం అమ్మ అడిగి పెట్టించింది. మగవాళ్ల మధ్య ఆమె గొంతు వినడం నాకదే మొదటిసారి. ఒక్క నాలుక మీద అంత భారం ఇంకెప్పుడూ పెట్టొద్దని అడిగింది. అప్పటికే మా నారు సగం పైగా మాడిపోయింది. పెదకాకాని వైపు రైతు వచ్చి మడి పక్కన నిలబడి, "ఈ ఏడు ఇంతేనామ్మా?" అని, ఉన్న కొద్ది కట్టలూ గోనెలో చుట్టుకుని వెళ్లిపోయాడు. కార్తీకంలో ముసురు పట్టేదాకా మా ఇంట్లో ఎవరికీ కంటి నిండా నిద్ర లేదు. తర్వాత ఒక పొద్దున అంకమ్మత్త మా దొరువు చూసి "తియ్యన" అంది. నాన్న నమ్మక ఇంకొకళ్లని పిలిచాడు.

నానమ్మ ఆ తర్వాత కూడా పొద్దున్నే గట్టు మీదకి వచ్చి కూర్చునేది. రుచి చూసేవాళ్ల ముఖాల్నే చూస్తుండేది. ఎవరైనా మొహమాటానికి తియ్యన అంటే ఇట్టే పట్టేసేది. "నిజం చెప్పవే, కనుబొమ్మ ముడిపడింది" అనేది. వంటింట్లో ఉప్పు వేయడం మాత్రం అమ్మకు వదిలేసింది. ఆ ఒక్కటీ ఆమెకు కష్టమైందని నాకు తెలుసు, వంట అవుతుంటే లోపలికి వచ్చేది కాదు.

ఆ కట్టుబాటు ఎప్పుడు సడలిందో నేను ఊళ్లో లేను, తెలియదు. రొయ్యల చెరువులు వచ్చాయి, బోర్లు వచ్చాయి, దిబ్బలో కొంత లారీలెక్కింది. సభలో అధికారి మర్యాదస్తుడే. "మీ అభిప్రాయాలు చెప్పండి" అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. చెరువులున్నవాళ్లు మా నీళ్లు బాగానే ఉన్నాయన్నారు. బోర్లున్నవాళ్లు మావీ బాగానే ఉన్నాయన్నారు. నేను లేచి, మ్యాపులో మా దొరువులు లేవని చెప్పి కూర్చున్నాను. ఆయన రాసుకున్నాడు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టలేదు, కాదనలేదు. భోజనాలకి లేచారు.

నేను భోజనానికి వెళ్లకుండా హారికని తీసుకుని మా పాత దొరువు దగ్గరికి నడిచాను. గట్టు కుంగిపోయింది, మెట్ల చోట తుంగ మొలిచింది, అయినా అడుగున నీళ్లున్నాయి. శ్రీను ఇప్పటికీ ఒకటి రెండు మళ్లు నారు పోస్తాడట. హారిక ఎక్కడినుంచో కొబ్బరిచిప్ప తెచ్చింది. పొద్దుటి నుంచి నేనేమీ తినలేదు, షుగరు మాత్ర తప్ప. మెల్లగా దిగి, ముంచి, నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకున్నాను. గట్టు మీద ఆ పిల్ల ఊపిరి బిగబట్టింది. నాకు వినిపించింది. నోరు తెరిచి తియ్యగానే ఉన్నాయి అనబోయాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నాకు ఏ రుచీ తెలియలేదు. మాత్రల వల్లో, వయసు వల్లో, ఉండాలన్న ఆశ వల్లో.

"నాకు తెలియడం లేదమ్మా, నువ్వు చూడు" అని చిప్ప పైకి అందించాను. హారిక చూసి, "మాది కదత్తా, నాకు తియ్యగానే అనిపిస్తోంది" అంది. ఆ మాట అని తనే నా ముఖంలోకి చూసింది. ఈ కథ దానికి చిన్నప్పటి నుంచి ఇంట్లో చెబుతూనే ఉన్నారు. నా చెయ్యి పట్టుకుని పైకి లాగింది. తనే దిగి చిప్ప నిండా నీళ్లు ముంచుకొచ్చింది. చిప్పని ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుని, మేమిద్దరం పక్కింటి తలుపు తట్టడానికి బయల్దేరాం.